మా బావ తగ్గించిన మూడు వేలు

మా బావ చెప్పిన ధరకు కొన్న వస్తువు జన్మలో ఒక్కటీ లేదు. అలాగని చౌకగా కొన్నదీ లేదు. ఈ రెండో సంగతి ఆయనకు తప్ప మా చుట్టాలందరికీ తెలుసు. ఆయన బేరమాడి తెచ్చిన సీలింగ్ ఫ్యాను గాలి కంటే చప్పుడు ఎక్కువ ఇస్తుంది. బేరమాడి తెచ్చిన పరుపు మీద పడుకుని మా మేనకోడలు నెలరోజులు మెడ పట్టేసి తిరిగింది. అయినా ఎవరింట్లో ఏది కొనాల్సి వచ్చినా, "ఉండండి, నేను మాట్లాడతా" అని ముందుకొస్తాడు. ఆ మాట చెవిన పడగానే దుకాణం వాడికి ప్రాణం లేచొస్తుంది.

ఆయన నీటిపన్ను ఆఫీసులో హెడ్ క్లర్కు. ఒకరు రాసిన కాగితం మీద ఇంకొకరు పెట్టిన సంతకం కింద తన సంతకం పెట్టి, నాలుగో మనిషికి పంపడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. దానికి జీతం ఎందుకిస్తున్నారని ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా అక్క పని వేరు. తుంటి విరిగినవాళ్ళకీ మోకాలు ఆపరేషన్ అయినవాళ్ళకీ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయించి నడిపిస్తుంది. రోజుకు ఆరిళ్ళు. భుజాన సాగే పట్టీలు, చిన్న కరెంటు మెషీను, ఇసుక సంచులు ఉన్న బ్యాగు. అన్నీ కలిపి తొమ్మిది కిలోలు. రెండు బస్సులు మారి, వానలో తడిసి, ఒకరి నడుం బాగు చేయడానికి వెళ్తూ తన నడుం పోగొట్టుకుంటోంది. కారు నడపడం నేర్చుకుంది. ఐదేళ్ళు కూడబెట్టింది. బ్యాంకుకు తనే వెళ్ళి తన పేరు మీద అప్పు మంజూరు చేయించుకుంది. ఇంత జరిగినా అందులో తన చెయ్యి లేదన్నదే మా బావ బాధ.

కారు ఇప్పించే ఆవిడ సంగతి అక్కే తెచ్చింది. ఆవిడ అత్తగారికి తుంటి విరిగితే అక్క నెలన్నర పాటు ఆ ఇంటికి వెళ్ళి నడిపించింది. ఆవిడ పదకొండేళ్ళు ఒక కార్ల షోరూములో అమ్మకాలు చూసి, మానేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చునే కొనేవాళ్ళకు తక్కువ ధరకు కొత్త కార్లు ఇప్పిస్తుంది. మధ్యవర్తి అన్నమాట. ఒక్క ఫీజు, అదీ కారు ఇంటికి వచ్చాకే.

సోమవారం ముగ్గురం వెళ్ళాం. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను, సోమవారం మాకు సెలవు. బావ నన్నెందుకు రమ్మన్నాడంటే, బేరమాడేటప్పుడు ఆయనకు చూసేవాళ్ళు కావాలి. చప్పట్లు కొట్టకపోయినా ఫరవాలేదు, పక్కన ఉంటే చాలు.

ఆవిడ ఆఫీసంటే భోజనాల బల్ల. సగం బల్ల మీద రెండు ఫోన్లు, చిక్కుపడిన చార్జర్ వైర్లు, లావుపాటి నోటుపుస్తకం. మిగతా సగం మీద పళ్ళెంలో బీన్స్, పక్కన చాకు. అత్తగారు వాకర్ పట్టుకుని ఆ బల్ల చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. అక్కను చూసి, "ఇరవై రెండో చుట్టమ్మా" అని చెప్పి మళ్ళీ కదిలింది.

ఆవిడ బీన్స్ తరుగుతూనే ఫోన్లు చేసింది. నాలుగు చోట్లకు. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. "మీకింకా మూడు బళ్ళు తక్కువున్నాయి కదా, నెలాఖరు గురువారమే" అంది ఒకరితో. ఇంకొకరితో, "అది కాదు, ఈ రెండు నెలల్లో తయారైంది కావాలి, తెలుపే కావాలి" అంది. అరగంటలో ఒక కాగితం మీద అన్నీ వరసగా రాసి అక్క ముందు పెట్టింది. షోరూములో గోడ మీద రాసిన ధర కంటే తొంభై రెండు వేలు తక్కువ.

అక్క కాగితం చూసి, ఆవిడను చూసి, మళ్ళీ కాగితం చూసింది. ఐదేళ్ళ బస్సులు ఆ చూపులో కనపడ్డాయి నాకు.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట. వాళ్ళు మీకెందుకు తగ్గిస్తారు? మాకెందుకు తగ్గించరు?"

"మీరు ఒక్క బండి కొంటారు. మళ్ళీ పదేళ్ళకి కనపడతారు. నేను నెలకి పది పన్నెండు ఇప్పిస్తాను. కంపెనీ ఇచ్చిన లెక్కకి ఒక బండి తక్కువైనా షోరూముకి పెద్ద మొత్తం పోతుంది. ఎవరికి ఎప్పుడు తక్కువైందో నాకు తెలుసు. అంతేనండీ."

"మరి మీ ఫీజు?"

"పదిహేను వేలు. బండి మీ గుమ్మం ముందు ఆగాక."

"కొంచెం చూసి చెప్పండి."

"చూసే చెప్పానండీ."

మా బావ ముఖం చూడాలి. రాయికి తల కొట్టుకున్నవాడి ముఖం. ఆవిడ అదేం పట్టించుకోకుండా అక్కతో అంది: "ఒక్క సంగతి మేడమ్. ఈ కాగితం మీ దగ్గరే ఉండాలి. షోరూములో ఎవరికీ చూపించకండి. ఈ ధర ఇచ్చిన మనిషి నామీద నమ్మకంతో ఇచ్చాడు. బయటపడితే ఆయనకీ ఇబ్బంది, నాకూ ఇబ్బంది."

"అలాగేనండీ" అంది అక్క.

అక్క అక్కణ్ణుంచే ఇంకో ఇంటికి పనికి వెళ్ళింది. చూసిస్తానని బావ తీసుకున్న కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఆగాడు, అంతే.

"పదిహేను వేలురా. దేనికి? ఫోన్ చేసినందుకు. నాలుగు ఫోన్లు. అదీ బీన్స్ తరుగుతూ. కనీసం చాకు పక్కన పెట్టలేదు చూశావా?"

"తొంభై రెండు వేలు తగ్గిస్తోంది కదా బావా."

"తగ్గించేది ఆవిడ కాదు, షోరూము వాడు. తలుపు వాడిది, తాళం వాడిది. మధ్యలో ఈవిడ ఎవరు? నేరుగా వెళ్ళి ఇదే ధర అడిగితే ఛస్తాడా ఇవ్వక? పదిహేను వేలు మిగిల్తే మీ అక్కకే కదా."

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే రకం మా బావ. నేను చెప్పి ఉండాల్సింది. కాగితం చూపించనని అక్క మాటిచ్చింది, వద్దు బావా అని ఒక్క ముక్క. చెప్పలేదు. పైగా మధ్యాహ్నం మా షాపు పక్కన ఆ కాగితానికి జిరాక్స్ తీయించి ఇచ్చింది నేనే. "అసలుది మీ అక్కకిచ్చేద్దాం, నకలు మన దగ్గర ఉంచుకుందాం" అన్నాడాయన. ఆఫీసు బుద్ధి. నాకేమో ఆయనతో వాదించడం కంటే జిరాక్స్ తీయించడం తేలిక అనిపించింది. బంధువుల మధ్య చాలా తప్పులు ఇలా తేలిక మీదే జరుగుతాయి.

మర్నాడు బావ ఆఫీసుకు సెలవు పెట్టాడు. నేను షాపులో రెండు గంటలు సెలవడిగి వచ్చాను. ఇద్దరం కాగితంలో పేరున్న షోరూముకే వెళ్ళాం.

అద్దాల గోడలు, అద్దంలాంటి నేల, ఒక్కో కారు మీద ఒక్కో దీపం. టై కట్టుకున్న మేనేజరు ఎదురొచ్చి, మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, పళ్ళరసం తెప్పించాడు. మా బావ రసం తాగకుండా గ్లాసు పక్కకు జరిపాడు. బేరానికి ముందు ఎదుటివాడిది ఏమీ తినకూడదని ఆయన సిద్ధాంతం. ఐదు నిమిషాల తర్వాత ఎలాగూ తాగాడు.

"మీ ధర చెప్పకండి. నేను చెప్తా మీ ధర" అంటూ ఆ జిరాక్స్ బల్ల మీద పరిచాడు.

టై మేనేజరు కాగితం చదివాడు. మధ్యలో ఒక వరస దగ్గర అతని చూపు ఆగింది. నవ్వు మాత్రం అలాగే ఉంది. "ఇది మీకెవరిచ్చారు సార్?" అన్నాడు చాలా మామూలుగా.

"ఎవరిస్తే ఏం? ఇంట్లో కూర్చుని ఫోన్లు చేసే ఒకావిడ ఉందిలెండి" అని మా బావ మొత్తం చెప్పేశాడు. వీధి, ఇల్లు, బీన్స్ సహా.

మేనేజరు తల పంకించాడు. "మీలాంటి కస్టమర్ వస్తే మాకు భయం సార్. మధ్యవాళ్ళకి పోయే డబ్బు మీకే ఇస్తాం మేము. నేరుగా వచ్చి అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి?" అని కాగితం పట్టుకుని, పైవాళ్ళతో మాట్లాడి వస్తానంటూ లోపలికి వెళ్ళాడు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. కానీ గొర్రె కసాయివాడి దగ్గరకు తన కత్తి తనే పట్టుకెళ్ళడం నేను ఆ రోజే చూశాను.

పావుగంటకు అతను వచ్చి, కాగితం వెనక ఒక అంకె రాసి తిప్పి చూపించాడు. ఆవిడ తెచ్చిన ధర కంటే మూడు వేలు తక్కువ. "ఇవాళే అడ్వాన్సు కడితేనే సార్. రేపటికి ఈ ధర నా చేతిలో ఉండదు."

మా బావ సోఫాలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో అంత శాంతి నేను పెళ్ళిలో కూడా చూడలేదు. మూడు వేలు ఇటు, పదిహేను వేలు అటు, మొత్తం పద్ధెనిమిది వేలు ఒక్క పూటలో గెలిచాడు. తన కార్డు తీసి తన ఖాతా నుంచే నలభై వేలు అడ్వాన్సు కట్టాడు. ఇల్లాలికి కారు కొనిచ్చిన మగాడినని చెప్పుకోవడానికి అదొక సాక్ష్యం. నాలుగు పేజీల ఫారం మీద మేనేజరు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాడు. ఆఫీసులో అలవాటే కదా.

"తెలుపే కదా?" అన్నాను నేను.

"తెలుపుకి మూడు నెలలు ఆగాలి సార్. ఇది ఎడారి బంగారం అని ప్రత్యేకమైన రంగు. చాలా తక్కువ బళ్ళు వచ్చాయి" అన్నాడు మేనేజరు.

ఎందుకు తక్కువ వచ్చాయో చూశాక తెలిసింది. పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు. పసిపిల్లలున్న ఇళ్ళల్లో బాగా తెలిసిన రంగు.

సాయంత్రం అక్క ఇంటికి వచ్చి బ్యాగు దించకముందే బావ చెప్పడం మొదలెట్టాడు. అక్క అంతా విని, ముందు నన్ను చూసింది.

"కాగితం చూపించారా?"

నేను ఆమె బ్యాగు అందుకోబోయాను.

"చూపిస్తే తప్పేంటి? ఆవిడేమన్నా నీకు అక్కా చెల్లెలా? మూడు వేలు తగ్గించా. ఆ ముక్క వినపళ్ళేదా నీకు?" అన్నాడు బావ.

"నేను చూపించనని మాటిచ్చానండీ."

"నువ్విచ్చావు. నేనివ్వలేదుగా."

 అక్క లోపలికి వెళ్ళి ఆవిడకు ఫోన్ చేసింది. తలుపు దగ్గర నిలబడ్డ నాకు అక్క మాటలే వినిపించాయి. "తెలిసిందా అండీ? ఎప్పుడు?... క్షమించండి... అలాగే... ఏ తలుపు?... అలాగే."

ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుంది. నేనడిగితే చెప్పింది: "పదిన్నరకే తెలిసిందట. తిట్టలేదు. సంతకం పెట్టేముందు డ్రైవర్ వైపు తలుపు తెరిచి, పక్కన అతికించిన రేకు చదువుకోమంది. బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయట. అంతకంటే ఏం చెప్పనంది."

వారం తర్వాత డెలివరీ. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా మేనకోడల్ని కాలేజీ మానిపించి తీసుకొచ్చాడు. ఆఫీసులో తన పక్క సీటు అకౌంటెంటును కూడా పిలిచాడు, నేర్చుకుంటాడని. షోరూము మధ్యలో కారు మీద ఎర్రటి పట్టుగుడ్డ కప్పి, చుట్టూ బెలూన్లు కట్టారు. పనేం లేని ఆరుగురు వచ్చి వరసగా నిలబడ్డారు. మేనేజరు గుడ్డ లాగగానే ఆ ఆరుగురూ చప్పట్లు కొట్టారు. మనిషంత అట్టముక్క తాళంచెవి ఒకటి తెచ్చి బావ చేతుల్లో పెట్టి ఫోటో తీశారు. ఆయన ఆ అట్టముక్కను చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"మేడమ్ కూడా రండి" అన్నాడు మేనేజరు.

అక్క ఫోటోకు వెళ్ళలేదు. డ్రైవర్ తలుపు తెరిచి వంగింది. రోగి వెన్నుపూస తడిమినట్టు నిదానంగా వేలితో రేకు తుడిచి చదివింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు వొంచి చూస్తే మడతలో గట్టిపడిన దుమ్ము. టైర్ల పక్కలు వేలితో రుద్ది చూసింది, సన్నటి పగుళ్ళు. తర్వాత పెట్రోలు పోసే మూత తెరవమంది. లోపల మూలన కందిరీగ కట్టుకుని వదిలేసిన మట్టిగూడు, బొటనవేలంత.

"ఇది తయారై పదిహేను నెలలైంది" అంది అక్క.

చప్పట్లు కొట్టిన ఆరుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"తయారైన తేదీ వేరు, రిజిస్ట్రేషన్ తేదీ వేరు మేడమ్" అన్నాడు మేనేజరు. "కాగితాల్లో ఈ సంవత్సరమే ఉంటుంది. కాగితాల ప్రకారం కొత్త బండే."

"నా చేతికి డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు వస్తాయండీ. కాగితాల్లో నలభై అని రాసుకుంటే నడుస్తాయా? ఇది ఎక్కడ పెట్టారు ఇన్నాళ్ళు?"

"మా యార్డులోనే మేడమ్. సేఫ్‌గా."

"ఎండలో, వానలో."

బావ అట్ట తాళంచెవి చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. "అదేమన్నా పాలా, విరిగిపోవడానికి? ఇనుము. ధర చూడు ముందు. మూడు వేలు—"

"ఆ మూడు వేలు వాళ్ళకే ఇచ్చెయ్యండి" అంది అక్క. ఆమె గొంతు పెరగలేదు. కింద పడ్డవాళ్ళను లేపేటప్పుడు కూడా ఆమె గొంతు అంతే. "నేను తీసుకోను. అప్పు నా పేరు మీద ఉంది. సంతకం పెట్టను."

మేనేజరు ఫైలు తెరిచి రెండో పేజీ చూపించాడు. స్టాకులో ఉన్న బండి, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను, అడ్వాన్సు తిరిగి కోరను. చీమ తలకాయలంత అక్షరాలు. కింద మా బావ సంతకం, గుండ్రంగా, కింద గీతతో సహా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా జనానికి చిన్న అక్షరాలు కనపడేలా చేసే నేను, ఆ రోజు పక్కనే కూర్చుని ఆ పేజీ తిప్పి చూసిన పాపాన పోలేదు. పళ్ళరసం తాగుతున్నాను.

అక్కడితో వదిలేస్తే నలభై వేలు పోయేవి. సిగ్గుచేటే కానీ బతికి బయటపడేవాడు. కానీ మా బావ చుట్టూ చూశాడు. బెలూన్లు, ఆరుగురు, కూతురు, నోరు తెరిచి చూస్తున్న అకౌంటెంటు. ఇంతమంది ముందు ఖాళీ చేతులతో గుమ్మం దాటడం ఆయన వల్ల కాలేదు.

"నా పేరు మీద రాయండి" అన్నాడు.

"ఏమండీ" అంది అక్క.

"నువ్వు తీసుకోకపోతే నేను తీసుకుంటా. నాకు కారు ఉండకూడదా?"

అక్క "మీ ఇష్టం" అని బ్యాగు భుజానికేసుకుంది. నాలుగింటికి ఆమెకో రోగి ఉన్నాడు. బస్సెక్కి వెళ్ళిపోయింది. మా మేనకోడలు కూడా వాళ్ళమ్మ వెనకే వెళ్ళింది.

షోరూములోనే గాజు గదిలో అప్పిచ్చేవాడు ఒకడుంటాడు. వడ్డీ బయటికంటే ఎక్కువ, అడిగే ప్రశ్నలు తక్కువ. నలభై నిమిషాల్లో ముగించారు. ఆ నలభై నిమిషాల్లో వాళ్ళు కారు మీద మెరుపు పూత అన్నారు, సరే అన్నాడు. కాళ్ళకింద పట్టాలు అన్నారు, సరే అన్నాడు. అదనపు గ్యారంటీ, సీటు తొడుగులు, సువాసన డబ్బా, అన్నిటికీ సరే అన్నాడు. దేనికీ ధర అడగలేదు. మా బావ అంత నోరు మూసుకుని ఏదైనా కొనడం అదే మొదటిసారి. నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఆయన చెమటకు తడిసిన కాలరు కనపడి, వెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

ఆయనకు కారు నడపడం రాదు. ఇంటిదాకా నేనే నడిపాను. దారిలో ఒక్క మాటే అన్నాడు: "ఏసీ బాగుంది."

ఆ ఆదివారం అక్క నన్ను తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళింది. అత్తగారు వాకర్ వదిలి చేతికర్రతో తిరుగుతోంది. బల్ల మీద ఫోన్లు రెండూ మౌనంగా ఉన్నాయి.

"మీ ఫీజు తెచ్చానండీ" అని అక్క కవరు పెట్టింది.

"బండి ఇప్పించలేదు కదా. నాకెందుకు?" ఆవిడ కవరు ముట్టుకోలేదు.

"మా వల్ల మీకు నష్టం వచ్చింది."

"వచ్చింది. ఆ ధర ఇచ్చినాయన్ని ఆ సాయంత్రమే అక్కణ్ణుంచి తీసి గోడౌన్‌లో వేశారు. ఇద్దరు చిన్నపిల్లలు ఆయనకి. ఇక ఆ షోరూములో నా ఫోన్ ఎవరూ ఎత్తరు. అక్కణ్ణుంచి నెలకి నాలుగు బళ్ళు వచ్చేవి నాకు." సరుకుల జాబితా చదివినట్టు చెప్పింది ఆవిడ.

నాకు కూర్చున్న కుర్చీ గుచ్చుకుంది. "ఆ కాగితం జిరాక్స్ తీయించింది నేనండీ" అన్నాను.

ఆవిడ నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. కోపమేమీ లేదు. రోడ్డు మీద పడున్న రాయిని చూసినట్టు చూసింది. "ఎవరో ఒకరు తీయిస్తారు లెండి" అంది.

అంతకంటే తిట్టినా బాగుండేది.

"ఇంతకీ ఎంతకి తీసుకున్నారు మీ ఆయన?" అని అక్కను అడిగింది. అక్క చెప్పింది. ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. "మేడమ్, ఆ బండిని వాళ్ళు ఏడాది నుంచి వదిలించుకోవాలని చూస్తున్నారు. లక్షా డెబ్బై వేలు తగ్గించమని అడిగితే ఎదురొచ్చి ఇచ్చేవాళ్ళు. మోసపోతే మోసపోయారు. పోనీ, అదైనా సరిగ్గా బేరమాడి మోసపోవచ్చు కదా."

అక్క ముఖం ఎర్రబడింది. తర్వాత ఒక్కసారిగా నవ్వేసింది. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వులో మా బావ ఇరవై ఆరేళ్ళ పరువు కొట్టుకుపోయింది.

"నాకు బండి కావాలండీ" అంది అక్క నవ్వాగాక.

"ఇప్పిస్తాను. కానీ ఈసారి ఫీజు ముందు. కాగితం ఇవ్వను, నోటితో చెప్తాను. మీ ఇంట్లోవాళ్ళెవరూ నాతో మాట్లాడకూడదు."

అక్క కవరు మళ్ళీ ముందుకు జరిపింది. ఈసారి ఆవిడ తీసుకుంది.

మూడు వారాలకు పక్క ఊరి షోరూము నుంచి తెల్లకారు వచ్చింది. తయారై నలభై రోజులు. మొదట చెప్పిన ధర కంటే తొమ్మిది వేలు ఎక్కువే పడింది. ఆ తొమ్మిది వేలు ఎవరి ఖాతాలో రాయాలో అక్కకు తెలుసు, అయినా అనలేదు. ఇప్పుడు రోజుకు ఎనిమిదిళ్ళు తిరుగుతోంది. నడుం నొప్పి తగ్గింది.

మా బావ మాత్రం మారలేదు. ఆయన కారు వారానికి ఒకసారి వాళ్ళింటినుంచి మా ఇంటిదాకా. నడిపేది నేనే. వాయిదాలు కట్టడానికి ఆయన మధ్యాహ్నం టీ మానేశాడు, పేపరు మానేశాడు. బేరం కథ మాత్రం మానలేదు. కందిరీగ గూడు, రేకు మీది తేదీ, అక్క బస్సెక్కి వెళ్ళిపోవడం, ఇవన్నీ ఆ కథలోంచి ఒక్కొక్కటే రాలిపోయాయి. మిగిలింది ఒక్కటే: మధ్యవాళ్ళు లేకుండా, నేరుగా, పైగా మూడు వేలు తగ్గించి. విన్నవాళ్ళలో ముగ్గురు నీటిపన్ను ఆఫీసు నుంచే ఆయన్ను వెంటపెట్టుకుని ఆ షోరూముకు వెళ్ళారు. ముగ్గురూ కొన్నారు. ఒక్కో కొనుగోలుకు టై మేనేజరు మా బావకు ఒక గొడుగు ఇచ్చాడు, షోరూము పేరున్నది. ఆ ఇంట్లో ఇప్పుడు గొడుగులు మూడున్నాయి.

ఆ ముగ్గురిలో మొదటివాడు ఆ అకౌంటెంటే. అంతా కళ్ళారా చూసినవాడు. మొన్న పొద్దున్నే ఇంటికొచ్చాడు, ముఖం వేలాడేసుకుని. నేను అక్కడే ఉన్నాను.

"బ్యాటరీ పోయిందండీ. రెండు నెలలకే. మెకానిక్ చూసి, ఈ బండి ఏడాదిన్నర నిలబడుంది అన్నాడు."

బావ కుర్చీ చూపించాడు. "కూర్చో. గోడ మీద రాసిన ధరకి కొన్నావా?"

"లేదండీ."

"ఎంత తగ్గించా నీకు?"

"ఎనభై ఐదు."

"మధ్యలో ఎవడికైనా రూపాయి ఇచ్చావా?"

"లేదు."

"మరి?"

అకౌంటెంటు ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. లెక్కలు వచ్చినవాడు కదా, ఎక్కడో ఒకచోట తప్పు పట్టుకుంటాడని నేను చూస్తూ ఉన్నాను. చివరికి తల ఊపి, "అదీ నిజమే" అన్నాడు.

అక్క అప్పుడే బ్యాగు సర్దుకుని బయటికొచ్చింది. ఇద్దరినీ చూసి చెప్పులేసుకుంది. "టౌను వైపు వెళ్తున్నా, వస్తావా?" అని నన్నడిగింది.

నేను లేచాను. వెనక మా బావ అకౌంటెంటుకు బ్యాటరీ ఎక్కడ చౌకగా దొరుకుతుందో చెప్తున్నాడు. తను కూడా వచ్చి మాట్లాడతానంటున్నాడు.